కాశీబుగ్గలో ఫోను మార్చేవాళ్ళు జాగ్రత్త: "డేటా అంతా ఎక్కించీసాం" అంటే నమ్మకండి

పలాస, కాశీబుగ్గ, మందస, టెక్కలి వైపు వాళ్ళెవరైనా ఫోను మార్చబోతుంటే ముందు ఇది చదవండి. కోపం ఇంకా తగ్గలేదు. రాసినదాంట్లో వెనకాముందూ అయితే సర్దుకోండి.

షాపు ఏదో పేరు పెట్టి చెప్పను. పాత ఫోనుకి ఎక్కువ రేటు ఇస్తామని మైకు పెట్టి మరీ పిలుస్తున్నారు కదా, మన ఊరి వాళ్ళకి అర్థమైపోతుంది.

మాది జీడిపప్పు పని. గుండు (విరగని పప్పు) ఎన్ని డబ్బాలు, బద్ద ఎన్ని, ముక్క ఏ రేటుకి ఒప్పుకున్నారు, ఏ లారీకి వేశాం, ఎంత పంపారు, ఎంత బాకీ, అన్నీ వాట్సాప్‌లోనే. పెద్ద పార్టీలైతే టైపు చేస్తారు, మిగతావాళ్ళు వాయిస్ పెడతారు. 2018లో తిత్లీ తుఫానుకి తోట పడిపోయినప్పుడు నష్టపరిహారం లిస్టుల గురించి నేనూ తమ్ముడూ మాట్లాడుకున్నవి కూడా అందులోనే ఉండేవి. ఇంతకుముందు ఫోను మార్చినప్పుడు తమ్ముడే కూర్చుని ఎక్కించాడు, ఒక్క మెసేజ్ కూడా పోలేదు. ఈసారి వాడు ఊళ్ళో లేడు. స్క్రీన్ మీద గీతలు వస్తున్నాయి, సీజను ముందుంది, ఆగే వీలు లేక షాపుకి వెళ్ళాం.

అక్కడ నేను స్పష్టంగా రెండు అడిగాను. ఒకటి, వాట్సాప్ పాతవాటితో సహా కొత్త ఫోనులోకి రావాలి. రెండు, ఒడిశా వైపు ఒక పార్టీ మాకు బాకీ ఉన్నాడు, అతనితో నడిచిన చాట్ విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి నా మెయిల్‌కి పంపాలి. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి "అన్నీ ఒకేసారి వచ్చెస్తాయి మేడమ్, విడిగా అక్కర్లేదు" అన్నాడు. డేటా ట్రాన్స్‌ఫర్‌కి వేరే డబ్బులు తీసుకున్నాడు. లాక్ ప్యాటర్న్ అడిగి రాసుకున్నాడు.

కొత్త ఫోను చేతికిచ్చి "అయిపోనాది మేడమ్, చూసుకోండి" అన్నాడు. చూశాను. గ్రూపులన్నీ పేర్లతో సహా ఉన్నాయి. కాంటాక్టులు, వాళ్ళ ఫోటోలు ఉన్నాయి. ఎవరు చూసినా వచ్చేసిందనే అనుకుంటారు. కానీ నెంబరు రిజిస్టర్ చేయగానే గ్రూపులు వాటంతటవే కనిపిస్తాయి, అవి కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. మెసేజ్‌లు అలా ఉండవు. అవతలివాళ్ళకి చేరిపోయాక సర్వర్‌లో మిగలవు, మన ఫోనులోనూ, అవతలివాళ్ళ ఫోనులోనూ, తీసుకున్న బ్యాకప్‌లోనూ మాత్రమే ఉంటాయి. ఇంటికొచ్చి ఆ పార్టీ రేటు ఏం ఒప్పుకున్నాడో చూద్దామని తెరిస్తే ఖాళీ. ప్రతి చాటూ ఖాళీ.

వెంటనే వెనక్కి పరిగెత్తాం. ఇక్కడ జరిగింది వినండి.

ఆ అబ్బాయి తలెత్తకుండా చెప్పాడు: "గూగుల్ డ్రైవ్‌లో జాగా లేదని చూపించింది మేడమ్. బ్యాకప్ అవ్వలేదు. స్కిప్ కొట్టీసాను."

అంటే వాడికి తెలుసు! పాత ఫోను తుడిచేసే ముందే తెలుసు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. ఒక్క మాట చెబితే ఫోను ఇంటికి తీసుకుపోయేదాన్ని. ఎందుకు చెప్పలేదు బాబూ అంటే "రష్‌గా ఉంది మేడమ్" అన్నాడు. పాత ఫోను అప్పటికే రీసెట్ కొట్టి ఎక్స్ఛేంజ్ డబ్బాలో పడేశారు.

ఓనర్ని పిలిచాం. ఆయన వచ్చి, పదిమంది కొనేవాళ్ళ ముందు, నా మొహం కూడా చూడకుండా అన్న మాట ఇది: "మెసేజ్‌లే కదమ్మా, డబ్బులేం పోలేదు కదా. దీనికింత గొడవేటి? మళ్ళీ మాట్లాడుకుంటే మళ్ళీ వస్తాయి." ఆ తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగి, "ఈవిడికి టెంపర్డ్ గ్లాసు ఒకటి ఫ్రీగా వేసి పంపించు" అన్నాడు.

టెంపర్డ్ గ్లాసు! మా ఇంటిల్లిపాదీ కష్టపడిన లెక్కలకి టెంపర్డ్ గ్లాసు! ఫోను అక్కడే పెట్టి రావాలనిపించింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

డబ్బులు పోలేదట. ఆ ఒడిశా పార్టీకి ఫోను చేసి, మన చాట్ మీ దగ్గరుంది కదా, ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి అంటే "మాదీ డిలీట్ అయిపోయింది" అంటున్నాడు. మొన్నటిదాకా ఇస్తానన్న మనిషి ఇప్పుడు ఏ రేటు, ఎప్పుడొప్పుకున్నాం అంటున్నాడు. హైదరాబాద్ పార్టీ మంచివాళ్ళు, అడగ్గానే తమ వైపు చాట్ ఫైలు పంపారు, దాంతో వాళ్ళ లెక్క నిలబడింది. మిగతావి ఒక్కొక్కరినీ బతిమాలి తెచ్చుకోవాలి.

ఆ షాపు వాళ్ళకి రాకపోతే రాదని చెప్పాల్సింది. రెండు ఫోన్లూ ఆండ్రాయిడే. 2023 నుంచి వాట్సాప్‌లోనే దారి ఉంది: పాత ఫోనులో సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్ అని నొక్కి, కొత్త ఫోనులో వచ్చే క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేస్తే చాలు, గూగుల్ డ్రైవ్‌తో పనే లేదు. అదీ వద్దంటే, పాత ఫోనులోపలే డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో కాపీ ఉంటుంది, వాట్సాప్ రోజూ రాత్రి 2 గంటలకి దానంతటదే తీస్తుంది. దాన్ని మెమరీ కార్డులోకి తీసి పెట్టినా బతికిపోయేవాళ్ళం. ఫోన్లు అమ్మి బతికేవాళ్ళకి ఇవి తెలియవా? తమ్ముడు ఫోనులోనే ఐదు నిమిషాల్లో చెప్పాడు. రీసెట్ అయిపోయిన ఫోను నుంచి తిరిగి రాదనీ, ఇప్పటి ఫోన్లలో లోపలిదంతా తాళం వేసి ఉంటుందనీ, రీసెట్‌తో ఆ తాళంచెవే పోతుందనీ కూడా వాడే చెప్పాడు. రికవరీ చేస్తామని డబ్బులడిగే వాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు అన్నాడు.

డ్రైవ్ సంగతి కూడా తెలుసుకోండి. గూగుల్ ఫ్రీగా ఇచ్చేది 15 జీబీ. ఇంతకుముందు వాట్సాప్ బ్యాకప్ ఆ లెక్కలోకి వచ్చేది కాదు, 2024 నుంచి వస్తోంది. ఫోటోలూ మెయిళ్ళూ కలిసి నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ దగ్గర చివరి తేదీ ఉంటుంది, ఇప్పుడే చూసుకోండి.

ముఖ్యమైన చాట్లు మాత్రం విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి. ఫోటోలు లేకుండా అయితే 40,000 మెసేజ్‌ల దాకా, ఫోటోలతో అయితే 10,000 దాకా వస్తాయి. ఆ ఫైలు మళ్ళీ వాట్సాప్‌లోకి ఎక్కదు, కానీ చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. బాకీల విషయం కోర్టుదాకా వెళ్తే వాట్సాప్ మెసేజ్‌లకి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, అవి ఏ ఫోనులోవో చెప్పే సర్టిఫికెట్ కూడా పెట్టాలని మా లాయరుగారు చెప్పారు, కాబట్టి పాత ఫోనుని తొందరపడి వదలకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను. డేటా ట్రాన్స్‌ఫర్‌కి డబ్బులు తీసుకున్నట్టు బిల్లులో ఉంది కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాం. మీరు ఏ షాపుకి వెళ్ళినా ఆ పని పేరు బిల్లులో రాయించుకోండి. కొత్త ఫోనులో అన్నిటికంటే పాత మెసేజ్ మీరే తెరిచి చదివేదాకా పాత ఫోను వాళ్ళ చేతికి ఇవ్వకండి. ఆ షాపులో మీ ఫోను ఇప్పుడు ఉంటే, రీసెట్ కొట్టకముందే వెళ్ళి తెచ్చేసుకోండి.