నెల్లూరులో పాత మాక్రో లెన్సు కొనబోతున్నవారికి హెచ్చరిక: ఎఫ్/2.8లో చూపించి అంటగడుతున్నారు

మన రెండు జిల్లాల ఫొటోగ్రఫీ గ్రూపుల్లో పాత కెమెరాలు, లెన్సులు పెట్టి అమ్మే ఆ నెల్లూరు పెద్దమనిషి ఎవరో పేరు చెప్పకపోయినా మీలో చాలామందికి అర్థమైపోతుంది కాబట్టి నేరుగా సంగతికి వస్తాను. పురుగుల్లాంటి చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్సు ఒకటి, కెనాన్ 100 మి.మీ. ఎఫ్/2.8 మాక్రో యూఎస్ఎం, ఖరీదైన ఎల్ సిరీస్ కాని పాత రకం, ఆయన దగ్గర 16,500 రూపాయలు పోసి కొన్నాను. దివ్యమైన లెన్సు. మాక్రోకు తప్ప మిగతా అన్నింటికీ పనికొస్తుంది.

అంతకుముందు నా దగ్గర ఉన్నదల్లా 18-55 కిట్ లెన్సు, దానికి 58 మి.మీ. రివర్స్ రింగు. డబ్బు లేనివాడు మాక్రో మొదలుపెట్టడానికి అంతకంటే చవకైన దారి లేదు; కొన్ని వందల రూపాయల రింగుతో లెన్సును తిరగేసి బిగిస్తే చీమ కన్ను కూడా కనిపిస్తుంది. అయితే తిరగేసిన లెన్సుకు కెమెరాతో సంబంధం తెగిపోతుంది కాబట్టి ఎపర్చర్, అంటే వెలుతురును లోపలికి వదిలే రంధ్రం, మన అదుపులో ఉండదు. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. లెన్సును మామూలుగా బిగించి, ఎఫ్/8 పెట్టి, ప్రివ్యూ బటన్ నొక్కి ఉంచి అలాగే ఊడదీస్తే రంధ్రాన్ని మూసే బ్లేడ్లు ఆ కొలతలోనే ఆగిపోతాయన్న కిటుకుతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. పైగా 18 మి.మీ. దగ్గర పురుగుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోకి వెళ్లాలి. కావలి చుట్టుపక్కల వరిచేల గట్ల మీద తూనీగలు అంత దగ్గరికి ఎవరినీ రానివ్వవు. ఈ 100 మి.మీ. లెన్సయితే 1:1 సైజులోనూ, అంటే పురుగు కెమెరా సెన్సర్ మీద తన అసలు సైజులోనే పడేటప్పుడు కూడా, ముందు గాజుకూ పురుగుకూ మధ్య సుమారు 15 సెంటీమీటర్ల జాగా మిగులుతుంది. అందుకే పైసా పైసా కూడబెట్టాను.

ఆర్టీసీ బస్టాండు దగ్గర టీ కొట్టులో కలుద్దామన్నారు. లెన్సు పెట్టెలోంచి తీయగానే, నేను అడగకముందే, తన ఫోను టార్చి వెలిగించి గాజుల్లోకి కొట్టి చూపించారు. మన సముద్రపు గాలికి లెన్సుల్లో బూజు పడుతుందని ఇక్కడ కొనేవాళ్లందరికీ భయమే కదా, ఆ భయాన్ని ముందే తీర్చేశారన్నమాట. గాజులు నిజంగానే తేటగా ఉన్నాయి. ఆ తర్వాత నా కెమెరా ఆయనే తీసుకుని, లెన్సు ఆయనే బిగించి, బల్ల మీద ఒలికిన పంచదార పలుకులను ఫొటో తీసి స్క్రీను నా ముందు పెట్టారు. "ఎట్టుందబ్బయ్యా, ఎనకంతా వెన్నలాగా కరిగిపోయింది చూడు" అన్నారు. ఒక్క పలుకు అంచు మాత్రం గాజుముక్కలా మెరుస్తూ, మిగతాదంతా మసకగా ఉంది. ఆటోఫోకస్ కూడా చప్పుడు లేకుండా తిరిగింది.

ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండే ఘట్టం ఇదే. ఆ ఫొటోలన్నీ ఎఫ్/2.8లో తీసినవే. కెమెరా నా చేతికి వచ్చాక నేను ఎఫ్ అంకె పెంచి చూద్దామని డయల్ మీద వేలు పెట్టానో లేదో, ఆయన చెయ్యి చాపి, ఎంతో ఆప్యాయంగా కెమెరాను వెనక్కి తీసుకుని, "నీకెందుకబ్బయ్యా ఆ తిప్పుడంతా, 2.8 లెన్సును 2.8లో వాడకపోతే కొని ఏం లాభం?" అని నవ్వి, నాకు ఇంకో టీ చెప్పారు. పెద్దాయన, పనితనం తెలిసిన మనిషి, ముచ్చటపడి చెబుతున్నారనుకుని నేనూ నవ్వాను. ఆ టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. 16,500 రూపాయల మీద ఆయన నాకిచ్చిన తగ్గింపు అదొక్కటే.

ఇంటికి వచ్చి కరివేపాకు చెట్టు మీద సాలీడును చూసి ఎఫ్/11 పెట్టి నొక్కాను. కెమెరా ఆగిపోయి, ఎర్రర్ 01, లెన్సుతో సంబంధం సరిగా లేదు, కాంటాక్టులు శుభ్రం చేయండి అని చూపించింది. కెమెరా, లెన్సు కలిసే ఆ లోహపు చుక్కలను మెత్తని గుడ్డతో తుడిచాను, బ్యాటరీ తీసి పెట్టాను. కిట్ లెన్సు బిగిస్తే ఏ ఇబ్బందీ లేదు. ఈ లెన్సే మళ్లీ ఎఫ్/2.8లో పెడితే అది కూడా చక్కగా పనిచేసింది. ఎపర్చర్ ఒక్క మెట్టు మూసి నొక్కితే చాలు, మళ్లీ అదే ఎర్రర్. అసలు మోసమంతా ఇక్కడే ఉంది. ఇలాంటి లెన్సుల్లో వ్యూఫైండర్లో చూస్తున్నంతసేపూ, ఫోకస్ చేస్తున్నంతసేపూ బ్లేడ్లు పూర్తిగా తెరుచుకునే ఉంటాయి, షటర్ నొక్కిన క్షణంలోనే మనం పెట్టిన కొలతకు మూసుకుంటాయి. ఆ మూసే యంత్రానికి వెళ్లే సన్నని ఫ్లెక్స్ కేబుల్ తెగిపోతే, ఎఫ్/2.8లో తీసినంతకాలం లెన్సు కొత్తదానిలాగే ప్రవర్తిస్తుంది. మనుషుల ముఖాలు తీసేవాళ్లకు ఏళ్ల తరబడి తెలియకపోయినా ఆశ్చర్యం లేదు. మాక్రోలో మాత్రం 1:1 దగ్గర ఎఫ్/2.8 పెడితే స్పష్టంగా పడే మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. సాలీడు ఒక కన్ను పడితే పక్క కన్ను పడదు. ఎఫ్/11కు వెళ్తేనే ఆ మందం మిల్లీమీటరు దరిదాపులకు వస్తుంది.

చెన్నైలో మెకానిక్‌కు చూపిస్తే, ఆయన లెన్సు విప్పక ముందే వెనుక మౌంటు స్క్రూలను భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. వాటి తలలు అరిగి, గీతలు పడి ఉన్నాయి. దీన్ని ఇదివరకే ఎవరో విప్పి, చూసి, బాగుచేయకుండా మళ్లీ బిగించారని చెప్పి, ఎపర్చర్ భాగం మార్చడానికి 6,000 రూపాయలు అవుతుందన్నారు. అంటే టీ కొట్టులో నా వేలు డయల్ మీద పడకుండా కెమెరా లాక్కున్న చేతికి అంతా తెలుసు.

ఫోను చేసి, "అన్నా, మరమ్మతు ఖర్చులో సగమన్నా పెట్టుకోండి" అని మర్యాదగానే అడిగాను. ముందు "నువ్వే కదా చూసుకుని తీసుకున్నావు" అన్నారు. స్క్రూల సంగతి ఎత్తగానే గొంతు మారింది. "పురుగుల ఫొటోలు తీసుకునేవాడికి ఇంత లెన్సు ఎందుకబ్బయ్యా, సెల్లు చాలదా?" అని పెట్టేశారు. ఆ తర్వాత నా నంబరు నుంచి ఆయనకు ఫోను కలవలేదు, గ్రూపులోంచి నన్ను తీసేశారు కూడా. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, నా డబ్బు జేబులో వేసుకుని నా ఇష్టాన్ని ఎగతాళి చేసిన ఆ మాట ఒక ఎత్తు. తొలకరికి ఇసుక నేలలో ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయని, వాటి కోసమే ఈ లెన్సని, ఆ టీ కొట్టులోనే ఆయనకు వివరంగా, ఉత్సాహంగా చెప్పిన మహానుభావుణ్ణి నేనే.

బిల్లు లేదు. యూపీఐ రసీదు, "ఏ లోపమూ లేదు, సూపర్ కండిషన్" అని ఆయన పంపిన సందేశం మాత్రం ఉన్నాయి. రోజూ కొని అమ్మడమే పనిగా పెట్టుకున్న మనిషి కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు అక్కడ దాఖలు రుసుము లేదు.

కొనేవాళ్లు లెన్సును ఎఫ్/2.8లోనూ, ఎఫ్/11లోనూ, ఎఫ్/22లోనూ షటర్ నొక్కి చూడండి, మౌంటు స్క్రూల తలలు చూడండి. నా మాటకొస్తే, చేతిలో 50 మి.మీ. ఎఫ్/1.8 ఉండి, బాగా దగ్గరికి వెళ్లడానికి ఇబ్బంది లేనివాళ్లకు అసలు మాక్రో లెన్సే అక్కర్లేదు. కాంటాక్టులు ఉన్న ఎక్స్‌టెన్షన్ ట్యూబులు 13, 21, 31 మి.మీ. మూడూ కలిపి లెన్సుకూ కెమెరాకూ మధ్య తగిలిస్తే 1:1 దాటిపోతుంది, ఎపర్చర్ కూడా పనిచేస్తుంది. కాంటాక్టులు లేని చవక ట్యూబులు కొంటే మాత్రం మళ్లీ నా గతే.

ఇదే పెద్దమనిషి నిన్న రాత్రి ఇంకో గ్రూపులో 60 మి.మీ. మాక్రో లెన్సు ఒకటి పెట్టినట్టు మిత్రుడు ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు. నమూనా ఫొటోలు నాలుగూ ఎఫ్/2.8లో తీసినవే. ఒంగోలు నుంచి ఎవరో బేరమాడుతున్నారట. ఆ సోదరుడు ఎవరైనా సరే, వెళ్లినప్పుడు కెమెరాను ఆయన చేతికి ఇవ్వకండి.