మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కి: టికెట్ మీద గంట, గడప నుంచి గడపకి నాలుగున్నర

ఉద్యోగం మ్యూనిక్‌లో, అక్కావాళ్ళు బెర్లిన్‌లో. కొన్నేళ్ళుగా ఈ దారిలో విమానంలోనూ రైల్లోనూ తిరుగుతున్నాను. కొత్తగా వచ్చిన మనవాళ్ళందరూ అడిగేది ఒకటే, "ఫ్లైట్‌లో ఎంతసేపు?" అని. టికెట్ మీద గంటా పది నిమిషాలు ఉంటుంది. అందులో గాల్లో ఉండేది యాభై నిమిషాలే. ఆ అంకెను చూసి మాత్రం టికెట్ కొనకండి.

మ్యాప్‌లో ఊరి నుంచి ఊరికి సుమారు 504 కిలోమీటర్లు. విమానాశ్రయాల మధ్య అయితే 460 చిల్లరే. ఎందుకంటే మ్యూనిక్ విమానాశ్రయం ఊరికి ఉత్తరాన ఉంది, బెర్లిన్‌ది ఊరికి దక్షిణాన. విమానానికి తగ్గిన ఆ దూరాన్ని మనమే లోకల్ రైల్లో వెళ్ళాలి. మ్యూనిక్ నడిబొడ్డున ఉన్న మరియెన్‌ప్లాట్జ్ నుంచి ఎస్8 లోకల్ రైల్లో నలభై నిమిషాలు, సెక్యూరిటీకని ఓ గంట ముందు చేరడం, దిగాక బ్యాగు కోసం ఎదురుచూపు, మళ్ళీ బెర్లిన్ సెంట్రల్ స్టేషన్‌కి దాదాపు అరగంట. అన్నీ కలిపితే నాకు నాలుగున్నర గంటల లోపు ఎప్పుడూ అవలేదు. చలికాలం పొద్దున రెక్కల మీద మంచు తీయించాల్సి వస్తే ఇంకా ఆలస్యం.

బెర్లిన్‌లో పాత టేగెల్ విమానాశ్రయం ఉన్న రోజుల్లో లెక్క వేరు. అది ఊళ్ళోనే ఉండేది, పాత టెర్మినల్‌లో గేటు దగ్గరే సెక్యూరిటీ. దిగిన కాసేపటికే బస్సెక్కేవాళ్ళం. 2020 నవంబరులో దాన్ని మూసేశారు. నాకైతే అది ఇప్పటికీ బాధే.

2017 డిసెంబరులో కొత్త లైన్ పూర్తయ్యాక హైస్పీడ్ రైలు రూపురేఖలే మారిపోయాయి. అంతకుముందు ఆరు గంటలు పట్టేది. ఇప్పుడు తక్కువ స్టాపుల రైలైతే నాలుగు గంటల లోపే, అదీ ఊరి నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకి. కొన్నిచోట్ల గంటకు 300 కి.మీ. వేగం అందుకుంటుంది. థురింజియా అడవుల్లో వరసగా సొరంగాలు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. రైళ్ళు లేటవడం కూడా మామూలే, చివరి రైలుకి టికెట్ తీసుకోకండి. అయినా నా ఓటు రైలుకే. లాప్‌టాప్ తెరిస్తే మధ్యలో మూయక్కర్లేదు. అక్క ఇచ్చిన ఆవకాయ జాడీ కూడా నిశ్చింతగా పక్కనే పెట్టుకోవచ్చు. విమానంలో చేతి బ్యాగులో అయితే పచ్చడిని కూడా ద్రవం కిందే లెక్కేస్తారు.

మ్యూనిక్ దగ్గర ఇస్మానింగ్, ఫ్రైసింగ్ వైపు ఉండేవాళ్ళకి మాత్రం విమానమే నయం, ఎయిర్‌పోర్టు వాళ్ళకి పక్కనే. బెర్లిన్ నుంచి బయల్దేరి మ్యూనిక్‌లో మారి ఇండియా వెళ్ళేవాళ్ళు కూడా విమానమే ఎక్కండి, కానీ రెండూ ఒకే టికెట్‌లో ఉండాలి. అప్పుడు మొదటిది లేటై రెండోది తప్పిపోయినా వేరే విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొంటే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది.