నాస్కార్ ఛాంపియన్‌ని ఎలా తేల్చాలి: ఏడాది పాయింట్లతోనా, చివరి పది రేసులతోనా, ఒక్క రోజు పందెంతోనా?

2025 నవంబర్ 2న అమెరికాలోని ఫీనిక్స్ ట్రాక్ మీద, స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ నాస్కార్ కప్ సిరీస్ ఆఖరి రేసు జరిగింది. డెనీ హామ్లిన్‌కి అప్పటికి 44 ఏళ్లు. 2006 నుంచి పూర్తికాలం డ్రైవర్‌గా ఉంటూ అప్పటికి 60 రేసులు గెలిచాడు, ఛాంపియన్‌షిప్ మాత్రం ఒక్కసారీ దక్కలేదు. ఆ రోజు 208 ల్యాపులు (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు ఒక ల్యాపు) అతనే ముందున్నాడు. ఇంకో మూడు ల్యాపులు గడిస్తే టైటిల్ చేతిలో పడేది. సరిగ్గా అప్పుడు విలియం బైరన్ కారు టైరు పోయి గోడకి గుద్దుకుంది. ప్రమాద హెచ్చరికగా పసుపు జెండా ఊగింది. ముందున్న కార్లన్నీ టైర్లు మార్చే పిట్‌లోకి వచ్చాయి. హామ్లిన్ నాలుగు టైర్లూ మార్పించుకున్నాడు. కైల్ లార్సన్ రెండే మార్పించుకుని అతనికంటే ముందు బయటపడ్డాడు. మిగిలిన కొద్ది దూరంలో హామ్లిన్ ఆరో స్థానం దాకా రాగలిగాడు, లార్సన్ మూడో స్థానంలో గీత దాటాడు. టైటిల్ పోటీలో మిగిలిన నలుగురిలో ఆఖరి రేసులో ఎవరు ముందొస్తే వాళ్లే ఛాంపియన్ అన్నది అప్పటి నియమం. అలా, ఆ రేసులో ఒక్క ల్యాపు కూడా ముందు నడవని లార్సన్ ఆ ఏడాది ఛాంపియన్.

లార్సన్‌ని తప్పుపట్టడానికేమీ లేదు. ఉన్న నియమాల ప్రకారమే ఆడాడు, గెలిచాడు. నాకు బాధ కలిగించింది ఆ నియమమే. మూడు నెలలు తిరక్కుండానే, 2026 జనవరిలో, నాస్కార్ దాన్ని తీసేసింది. ఇన్నేళ్లలో వాడిన మూడు పద్ధతుల్లో ఏది మేలో తేల్చుకోవడానికి ఇదే సరైన సమయం అనిపించింది.

ఈ ఆట కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. స్టాక్ కార్ అంటే రోడ్డు మీద కనిపించే ఫోర్డ్, షెవర్లే, టొయోటా కార్ల రూపంలో ఉండే రేసు కారు. ఫిబ్రవరిలో డేటోనా దగ్గర సీజన్ మొదలై నవంబర్‌లో ముగుస్తుంది. పాయింట్ల రేసులు మొత్తం 36. ప్రతి రేసులో ముప్పై ఆరుకి తక్కువ కాకుండా కార్లు పరుగెడతాయి, చివర వచ్చినవాడికి కూడా ఎంతో కొంత పాయింట్లు దక్కుతాయి. ఆ పాయింట్లను ఎలా పంచాలి, ఎలా కలపాలి అన్నదగ్గరే గొడవంతా.

మొదటిది పాత పద్ధతి. 1975లో బాబ్ ల్యాట్‌ఫోర్డ్ రూపొందించిన ఈ లెక్క 2003 దాకా నడిచింది. గెలిచినవాడికి 175, రెండో స్థానానికి 170, మూడో స్థానానికి 165. ఆరో స్థానం దాటాక తేడా నాలుగు పాయింట్లు, పదకొండు దాటాక మూడు. 43వ స్థానానికి 34. ఒక్క ల్యాపైనా ముందు నడిస్తే అదనంగా 5, అందరికంటే ఎక్కువ ల్యాపులు ముందు నడిస్తే మరో 5. ఏడాదంతా వచ్చినవి కూడితే అయిపోయింది. మధ్యలో చెరిపేయడాలు, కొత్తగా మొదలెట్టడాలు ఏవీ లేవు.

ఈ పద్ధతిలో టెన్షన్ ఉండదని చాలామంది అంటారు. అలా అనేవాళ్లు 1992 నవంబర్ నాటి అట్లాంటా రేసు ఒకసారి చూడాలి. ఆ రోజు టైటిల్‌కి ఆరుగురు పోటీలో ఉన్నారు. దిగ్గజ డ్రైవర్ రిచర్డ్ పెట్టీకి అదే ఆఖరి రేసు, జెఫ్ గోర్డన్‌కి అదే మొదటిది. పాయింట్లలో ముందంజలో ఉన్న డేవీ అలిసన్ ఇంకొకరి కారు గిర్రున తిరిగి అడ్డం రావడంతో దెబ్బతిన్నాడు. ఇక మిగిలింది బిల్ ఎలియట్, అలన్ కుల్విక్కీ. కుల్విక్కీ చదువుకున్న ఇంజినీరు, తన టీముకి తనే యజమాని. ఆరు రేసుల ముందు 278 పాయింట్లు వెనకబడి ఉన్నవాడు. పెద్ద టీములతో పోలిస్తే తనది చిన్నదని, ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు ముందుభాగం మీద పేరులోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు తీసేసి ‘అండర్‌బర్డ్’ అని రాయించుకున్నాడు.

ఆ రేసు ఎలియట్ గెలిచాడు, కుల్విక్కీ రెండో స్థానంలో వచ్చాడు. అయితే కుల్విక్కీ 103 ల్యాపులు ముందు నడిచాడు, ఎలియట్ 102. ఆ ఒక్క ల్యాపు తేడాతో 5 పాయింట్ల బోనస్ కుల్విక్కీకి వెళ్లింది, 10 పాయింట్ల తేడాతో అతనే ఛాంపియన్. ఆ బోనస్ ఎలియట్‌కి వెళ్లి ఉంటే ఇద్దరి పాయింట్లు సమానమయ్యేవి, అప్పుడు ఎక్కువ రేసులు గెలిచిన ఎలియట్‌కే టైటిల్ దక్కేది. ల్యాపులు లెక్కపెట్టుకుంటూ, ఎప్పుడు పిట్‌లోకి రావాలో ముందే తేల్చుకుని సాధించిన గెలుపది. ఆ తర్వాత ఐదు నెలలకే, 1993 ఏప్రిల్ 1న, కుల్విక్కీ విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆ కథ తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

పాత పద్ధతిలో లోపం మాత్రం నిజంగానే ఉంది. గెలుపుకీ రెండో స్థానానికీ తేడా 5 పాయింట్లే. అదే ఇంజిన్ పాడై 43వ స్థానంలో ఆగిపోతే గెలిచినవాడికంటే 141 పాయింట్లు తక్కువ. అంటే ఒక్క చెడ్డ రోజు నష్టం పూడ్చుకోవాలంటే రెండో స్థానాన్ని గెలుపుగా ఇరవై ఎనిమిది సార్లు మార్చుకోవాలి. 1985లో బిల్ ఎలియట్ 11 రేసులు గెలిచాడు, డారెల్ వాల్‌ట్రిప్ 3 గెలిచాడు. టైటిల్ 101 పాయింట్ల తేడాతో వాల్‌ట్రిప్‌కి వెళ్లింది. 2003లో మాట్ కెన్సెత్ ఒకే ఒక్క రేసు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. 8 రేసులు గెలిచిన రయన్ న్యూమన్‌ది ఆరో స్థానం.

ఆ 2003 సీజన్ చూశాక నాస్కార్ చేసిన మార్పునే నేను ఒప్పుకోలేను. జబ్బు గెలుపుకిచ్చే విలువలో ఉంటే మందు క్యాలెండర్‌కి వేశారు. 2004 నుంచి 26 రేసులయ్యాక పైనున్న పదిమందిని పక్కకు తీసి, వాళ్ల పాయింట్లను ఐదేసి తేడాతో సర్ది, చివరి పది రేసుల్లో టైటిల్ తేల్చడం మొదలెట్టారు. దానికి ‘చేజ్’ అని పేరు. గెలిచినవాడికి మాత్రం 175 బదులు 180 ఇచ్చి ఊరుకున్నారు.

గెలుపు విలువే పెంచి ఉంటే ఏమయ్యేదో నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. ప్రతి గెలుపుకీ మరో 20 పాయింట్లు కలపండి. 1985లో ఎలియట్‌కి 220 వస్తాయి, వాల్‌ట్రిప్‌కి 60. తేడా 160, అంటే వాల్‌ట్రిప్ ఆధిక్యం 101 కంటే ఎక్కువ. ఎలియట్ 59 పాయింట్లతో ఛాంపియన్ అయ్యేవాడు. ఇప్పుడు 2003 చూడండి. న్యూమన్‌కి 160, కెన్సెత్‌కి 20. అయినా న్యూమన్ కెన్సెత్‌ని అందుకోలేడు, ఎందుకంటే అతను 300 పాయింట్లకు పైగా వెనకున్నాడు. గెలవని రోజుల్లో చాలాసార్లు రేసు పూర్తిచేయకుండానే ఆగిపోయాడు. రెండో స్థానంలో ఉన్న జిమ్మీ జాన్సన్ మూడు గెలిచాడు కాబట్టి అతనికి కలిసొచ్చేది కెన్సెత్‌కంటే 40 ఎక్కువ, కానీ అసలు తేడా 90. కెన్సెత్ న్యాయంగానే గెలిచాడని ఈ లెక్క చెబుతోంది. మార్చాల్సింది ఒక్క అంకెనే, మొత్తం సీజన్‌ని కాదు.

చేజ్‌లో మంచి లేదని అనను. 2011లో టోనీ స్టూవర్ట్, కార్ల్ ఎడ్వర్డ్స్ ఇద్దరూ 2403 పాయింట్లతో సమానంగా నిలిచారు. స్టూవర్ట్ ఆ పది రేసుల్లో ఐదు గెలిచాడు, చివరి రేసులో ఎడ్వర్డ్స్‌ని వెనక్కి నెట్టి మరీ గెలిచాడు. గెలుపుల లెక్కలో టైటిల్ అతనికి దక్కింది. అంతకంటే గొప్ప ముగింపు ఊహించలేం. కానీ 2007లో జెఫ్ గోర్డన్ పాత లెక్క ప్రకారమైతే 353 పాయింట్ల ఆధిక్యంతో ఛాంపియన్ అయ్యేవాడు. చేజ్ పద్ధతిలో అది జిమ్మీ జాన్సన్‌కి వెళ్లింది. జాన్సన్ ఆ ఏడాది పది రేసులు గెలిచాడు కాబట్టి అన్యాయం అనలేం. అయినా ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ దాకా గోర్డన్ కూడబెట్టుకున్నది ఒక్క రోజులో ఆవిరైపోయింది.

ఇక మూడోది, 2014 నుంచి 2025 దాకా నడిచినది. ఒక రేసు గెలిస్తే ప్లేఆఫ్స్‌లో దాదాపు చోటు ఖాయం. పదహారు మందితో మొదలు, మూడేసి రేసులకు నలుగురు చొప్పున ఇంటికి. చివరికి మిగిలిన నలుగురిలో ఆఖరి రేసులో ఎవరు ముందొస్తే వాళ్లే ఛాంపియన్.

దీన్ని సమర్థించేవాళ్లు మనలో చాలామంది ఐపీఎల్‌ని ఉదాహరణగా చెబుతారు. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ లీగ్ దశలో మూడో స్థానంలో ఉండి కప్పు కొట్టలేదా అని. కొట్టింది, మనమంతా సంబరపడ్డాం. కానీ సన్‌రైజర్స్ తమకంటే పైనున్న గుజరాత్ లయన్స్‌నీ, బెంగళూరునీ మైదానంలో ఎదురెదురుగా ఓడించి గెలిచింది. ఫైనల్ రోజు పిచ్ మీద ఉన్నవి రెండు జట్లే. ఫీనిక్స్‌లో అలా కాదు. టైటిల్ ఆడే నలుగురి చుట్టూ టైటిల్‌తో సంబంధం లేని ముప్పైమందికి పైగా పరుగెడుతుంటారు. వాళ్లలో ఎవరి టైరు పోయినా, ఎవరు గోడకి తగిలినా ఏడాది ఫలితం మారిపోతుంది. (2025లో టైరు పోయిన బైరన్ ఆ నలుగురిలో ఒకడే, అది వేరే సంగతి.) క్రికెట్ ఫార్మాట్‌ని ఈ ఆటకి తొడగడం కుదరదు.

2020లో కెవిన్ హార్విక్ 9 రేసులు గెలిచి ఆఖరి నలుగురిలోకి కూడా రాలేదు. 2014లో అదే రయన్ న్యూమన్ ఒక్క రేసూ గెలవకుండా ఆఖరి రేసు దాకా వచ్చి, రెండో స్థానంలో ముగించాడు. ఇంకొక్క కారుని దాటి ఉంటే ఛాంపియన్. కెన్సెత్ ఒకే రేసు గెలిచాడని మొదలుపెట్టిన మార్పులు అసలు గెలవనివాడిని టైటిల్ అంచు దాకా తెచ్చాయి. 2024లో షార్లెట్ రేసు అయ్యాక జోయీ లొగానో ఔటయ్యాడు. తర్వాత అలెక్స్ బోమన్ కారు బరువు తక్కువ తేలి అనర్హుడవడంతో లొగానో మళ్లీ లోపలికి వచ్చాడు, ఆ ఏడాది టైటిలే పట్టుకుపోయాడు.

ఈ పద్ధతి పోయినందుకు నాకు బెంగగా ఉన్నది ఒక్కటే. 2024 ఆగస్టులో డేటోనాలో హ్యారిసన్ బర్టన్ గెలిచాడు. అప్పటికి పాయింట్లలో అతనిది 34వ స్థానం. మరుసటి ఏడాదికి టీములో సీటు అతనిది కాదని అప్పటికే తేలిపోయింది. ఆ ఒక్క గెలుపుతో ప్లేఆఫ్స్‌లోకి వచ్చాడు, వుడ్ బ్రదర్స్ టీముకి అది నూరో గెలుపు. చిన్న టీముకి అంత ఆశ కల్పించే తలుపు ఇప్పుడు మూసుకుపోయింది.

2026 పద్ధతిలో చేజ్ తిరిగొచ్చింది. 26 రేసులయ్యాక పాయింట్లలో పైనున్న పదహారు మంది, చివరి పది రేసులు, మధ్యలో ఎవరినీ ఇంటికి పంపడం లేదు. గెలిస్తే చోటు ఖాయమన్న మాట లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, గెలుపుకి 2025 దాకా ఇచ్చిన 40 బదులు 55 పాయింట్లు, రెండో స్థానానికి 35. ఆ 20 పాయింట్ల తేడా చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. 1985లోనే రావాల్సిన అంకె ఇది.

కాబట్టి నా వరుస ఇదీ: గెలుపుకి 20 పాయింట్ల తేడా ఉంచి 36 రేసులూ కలిపి లెక్కపెట్టడం మొదటిది. దాన్ని ఇంతవరకు ఎవరూ ప్రయత్నించలేదు. ఉన్నవాటిలో ఇప్పటి కొత్త చేజ్ మేలు, ఆ వెనక ల్యాట్‌ఫోర్డ్ లెక్క. ఒక్క రోజు పందెం వీటన్నిటికీ చాలా దూరంలో ఉంటుంది.

కొత్త చేజ్‌తో నాకున్న పేచీ ఒక్కటి మిగిలింది. 26 రేసుల తర్వాత మొదటివాడికి 2100, రెండోవాడికి 2075, మూడోవాడికి 2065, అక్కణ్ణుంచి ఐదేసి తగ్గుతూ పదహారోవాడికి 2000 ఇస్తారు. ఒకప్పుడు ఇంటర్ మార్కులకి ఎంసెట్‌లో 25 శాతం వెయిటేజీ ఇచ్చినట్టుగా ఉంది, ఏమీ లేనిదానికంటే నయమే. కానీ ఒకడు 200 పాయింట్లు ముందున్నా, 2 పాయింట్లు ముందున్నా రెండోవాడి మీద దక్కే ఆధిక్యం అదే 25. ఒక్క గెలుపుకున్న 20 పాయింట్ల తేడాతో అది దాదాపు కరిగిపోతుంది. మొదటి 26 రేసుల్లో సంపాదించిన తేడాలో సగమైనా చేజ్‌లోకి మోసుకెళ్లనిస్తే, జూన్ ఎండలో జరిగే రేసుకి కూడా నవంబర్ రేసుకున్న విలువలో సగమైనా వస్తుంది.