ఇరవై రూపాయల జ్ఞాన్ పోస్ట్: ఏడాది వాడాక నా అనుభవం

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవాలనుకునేవాళ్లు నన్ను మొదట ప్రెస్సు గురించి అడుగుతారు, తర్వాత ముఖచిత్రం గురించి అడుగుతారు. పోస్టు ఖర్చు గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా పుస్తకం వేసేటప్పుడు నాకూ ఆ ఆలోచన రాలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు దాని గురించే, పుస్తకాలకని తపాలా శాఖ పెట్టిన జ్ఞాన్ పోస్ట్ గురించే చెప్తాను.

మాది కడప. 2024లో నా కథల పుస్తకం 500 కాపీలు వేశాను. 160 పేజీలు, వెల 150 రూపాయలు. బ్రౌన్ గ్రంథాలయంలో ఆవిష్కరణ జరిగినరోజు 60 కాపీలు పోయాయి. కొన్నవాళ్లలో సగం మంది బంధువులు, తోటి ఉద్యోగులు. వాళ్లు కొన్నది నా మీద అభిమానంతో. అది నాకు తెలుసు, అందుకు వాళ్లకు రుణపడి ఉంటాను. కానీ మరుసటిరోజు పొద్దున్నే మంచం కింద ఎనిమిది పెట్టెలు కనిపించేసరికి గుండె బరువెక్కింది.

పుస్తకాల షాపులో పెడదామని వెళ్తే కమిషన్ 40 శాతం అన్నారు. డబ్బు అమ్ముడయ్యాక ఇస్తారు. కాపీలు మన ఖర్చుతోనే చేర్చాలి. వాళ్ల అద్దెలు, జీతాలు వాళ్లకుంటాయి, తప్పుపట్టను. నాకు మాత్రం లెక్క కుదరలేదు. కాబట్టి మన తెలుగు రచయితలు ఎప్పటినుంచో చేస్తున్న పద్ధతే పట్టుకున్నాను. పుస్తకం రెండో పేజీలో ఫోన్ నంబరు వేశాను. చదివినవాళ్లు, ఎక్కడైనా సమీక్ష చూసినవాళ్లు ఫోన్ చేస్తారు, ఫోన్‌పేలో డబ్బు వేస్తారు, వాట్సాప్‌లో అడ్రసు పెడతారు. నేను పోస్టు చేస్తాను.

మొదట్లో రిజిస్టర్డ్ బుక్ పోస్టులో పంపేవాణ్ని. పుస్తకాలకని తక్కువ రేటు ఉండేది. 2024 డిసెంబరులో తపాలా శాఖ ఆ సేవ నిలిపేసింది. సరిగ్గా అప్పుడే ఒక పత్రికలో నా పుస్తకం మీద నాలుగు మంచి మాటలు వచ్చాయి, ఫోన్లు మొదలయ్యాయి. ఏం చేయాలో తోచక ఒక ప్రైవేటు కొరియర్‌కి వెళ్లాను. ఒక్క కాపీకి 70 రూపాయలు తీసుకున్నారు. 150 రూపాయల పుస్తకం పాఠకుడికి 220 పడుతుందన్నమాట. ఆ మాట చెప్పగానే ఎవరూ వద్దనరు. "సరే సార్, మళ్లీ చెప్తా" అంటారు. మళ్లీ ఫోన్ రాదు. ఆ నాలుగైదు నెలల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు.

అది డబ్బు సంగతి. నన్ను బాగా బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ముద్దనూరు అవతల ఒక పల్లె నుంచి రిటైరైన టీచరు ఒకాయన ఫోన్ చేశాడు. పోస్టేజీ ఎంతైనా పర్వాలేదన్నాడు. సంతోషంగా పంపాను. కొరియర్ ఆ పల్లెకు వెళ్లదని నాకు కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తట్టలేదు. మూడు రోజుల తర్వాత వాళ్లు ఆయనకే ఫోన్ చేసి, ప్రొద్దుటూరు ఆఫీసుకు వచ్చి తీసుకోమన్నారట. ఆయన మోకాళ్ల నొప్పులతో రెండు బస్సులు మారి వెళ్లాడు. ఆఫీసు మూసి ఉంటే మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "సారూ, పుస్తకం బాగుండాది. దాన్ని తెచ్చుకునేదానికే పొద్దంతా పాయ" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. నా పుస్తకం కావాలని అడిగిన మనిషిని అంత తిప్పలు పెట్టాను. మరుసటిరోజు నుంచి పల్లె అడ్రసులు వస్తే "కొంచెం ఆగండి, చూసి పంపుతా" అని చెప్పడం మొదలుపెట్టాను. కథలు రాసింది ఆ పల్లెల గురించే. కొరియర్‌లో పంపలేనిది కూడా ఆ పల్లెలకే.

2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 500 దాకా 25, కిలో దాకా 35, రెండు కిలోల దాకా 50. అలా అయిదు కిలోలకు 100 రూపాయలు. పన్ను అదనం. ట్రాకింగ్ నంబరు ఇస్తారు. పోస్ట్‌మ్యాన్ వెళ్లే ఊరికల్లా పుస్తకం వెళ్తుంది. నేను చేసిన మొదటి పని ఆ టీచరుగారికి ఇంకో కాపీ పంపడం. డబ్బు అడగలేదు. ఇంటి గడపలో పోస్ట్‌మ్యాన్ ఇచ్చి వెళ్లాడని ఆయన ఫోన్ చేసినప్పుడు కండ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత తెలిసివచ్చిన సంగతి ఒకటి ఉంది, అది ఎవరూ చెప్పలేదు. వంటింట్లో మా ఆవిడ కూరగాయలు తూచే చిన్న కాటా ఉంది. నా పుస్తకం దాని మీద పెడితే 190 గ్రాములు. కవరు, అట్ట ముక్కతో కలిపి 215. రెండు కాపీలు పెడితే 410. అంటే రెండో కాపీకి అదనంగా పడేది అయిదు రూపాయలే. అప్పటినుంచి ఫోన్ చేసినవాళ్లకు, "ఇంకెవరికైనా ఇవ్వాలనుకుంటే రెండోది పోస్టేజీ లేకుండా పంపుతా" అని చెప్తున్నాను. పదిమందిలో ముగ్గురు నలుగురు సరే అంటారు.

ఇంకో అడుగు కూడా వేశాను. అనంతపురంలో నాలాగే సొంతంగా కవితల పుస్తకం వేసుకున్న మిత్రుడు ఉన్నాడు. 96 పేజీలు, బరువు 120 గ్రాములు. నా పుస్తకం, ఆయన పుస్తకం కలిపి కట్టినా 25 రూపాయల్లోనే పోతాయి. ఇద్దరం చెరో 30 కాపీలు ఆర్టీసీ కార్గోలో మార్చుకున్నాం. ఆయనకు ఫోన్ చేసినవాళ్లకు ఆయన నా పుస్తకం చెప్తాడు, నాకు చేసినవాళ్లకు నేను ఆయన పుస్తకం చెప్తాను. కథలు చదివేవాళ్లు కవిత్వం చదవరని అనుకునేవాణ్ని. నా దగ్గరున్న ఆయన 30 కాపీలు మూడు నెలల్లో అయిపోయాయి. పత్రికలకు సమీక్షకు రెండేసి కాపీలు పంపడం కూడా ఇప్పుడు భారం కాదు. ముందు ఎవరికి పంపాలా అని చేతులు ముడుచుకునేవాణ్ని.

వచ్చిన కొత్తలో, జ్ఞాన్ పోస్ట్ ఉంటే పుస్తకం అమ్ముకోవచ్చని కనిపించిన ప్రతి రచయితకూ చెప్పాను. ఏడాది అయ్యాక ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటాను. పోస్టు మన పుస్తకాన్ని అమ్మిపెట్టదు. కావాలని అడిగినవాడు చేయి దాటిపోకుండా చూస్తుంది, అంతే. అడిగేవాణ్ని తెచ్చుకునే పని మనదే. సమీక్ష వచ్చిన నెలలో ఇరవై ప్యాకెట్లు కట్టాను. ఏమీ రాని నెలలో రెండు కట్టాను.

జ్ఞాన్ పోస్ట్ రోడ్డు, రైలు దారిన పోతుంది కాబట్టి తొందర పనికి పనికిరాదు. నా లెక్కలో హైదరాబాదుకు అయిదారు రోజులు పట్టింది, శ్రీకాకుళం వైపు ఇంకా ఎక్కువ. ఒకావిడ వాళ్ల నాన్న పుట్టినరోజుకు కావాలంటే ఇందులోనే పంపాను. రెండు రోజులు ఆలస్యంగా చేరింది. స్పీడ్ పోస్టు చేయాల్సింది, ఆ పొరపాటు నాదే. ఈ రేటుకు పంపాలంటే పుస్తకం మీద ప్రింటరు పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. సొంతంగా వేసుకునేవాళ్లు ప్రచురణకర్త చోట ఖాళీ వదిలేయకుండా మీ పేరు, ఊరు వేయించండి. వాణిజ్య ప్రకటనలు ఉన్న పుస్తకాలకు ఈ రేటు వర్తించదు. చివరి అట్ట మీద షాపు ప్రకటన వేసి ప్రెస్సు ఖర్చు రాబట్టుకుందామనుకునేవాళ్లు ముందే పోస్టాఫీసులో అడగండి.

నేను రిటైరయ్యాను. పొద్దున పదింటికి పోస్టాఫీసుకు నడిచి వెళ్లే తీరిక ఉంది, ప్యాకెట్ కట్టడానికి మా ఆవిడ సాయం ఉంది. ఉద్యోగం చేసుకుంటూ 2,000 కాపీలు వేసినవాళ్లకు ఈ పద్ధతి సరిపోతుందని చెప్పలేను. వాళ్లకు షాపుకిచ్చే 40 శాతమే మేలు కావచ్చు. 500 కాపీలు, తీరిక, పల్లెల్లో పాఠకులు ఉంటే మాత్రం ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు.

మంచం కింద ఇప్పుడు ఒక్క పెట్టె మిగిలింది, 43 కాపీలు. రెండో పుస్తకం డీటీపీ నడుస్తోంది. మొన్న డీటీపీ చేసే అబ్బాయి ఫోన్ చేసి, అక్షరాలు కొంచెం పెద్దవి చేస్తే 208 పేజీలు వస్తుంది, చూడ్డానికి నిండుగా ఉంటుంది అన్నాడు. కాగితం మీద లెక్కవేసుకున్నాను. 208 పేజీలైతే రెండు కాపీలు, కవరు కలిపి 500 గ్రాములు దాటుతుంది. 192 దగ్గర ఆపమన్నాను. ఒక కథ తీసేయాల్సి వస్తోంది. ఏది తీయాలో ఇంకా తేల్చుకోలేదు.