పెయింట్ కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి (బెంగళూరులో కుందలహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు వాళ్ళు ముఖ్యంగా)

కోపం ఇంకా తగ్గలేదు. రాత కాస్త అటూ ఇటూగా ఉంటే సర్దుకోండి.

ఆయన పేరు రాయడం లేదు. రాయకపోయినా మీలో చాలామందికి తెలిసిపోతుంది. మన వైపు ఏ అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో అయినా "మంచి పెయింటర్ ఉంటే చెప్పండి" అని అడగండి, మొదట వచ్చి పడే నంబర్ ఆయనదే. ప్రతి మాటకీ ముందు "అక్కా", వెనక "మనం మనం ఒకటే కదా". చిత్తూరు జిల్లా అట. అంతే, మనవాడే అనుకుని అందరం కరిగిపోతాం.

మాది రీసేల్‌లో కొన్న రెండు బెడ్‌రూముల ఫ్లాట్. శ్రావణంలో మామయ్యగారి షష్టిపూర్తి, ఊరి నుంచి బంధువులంతా వస్తారు, ఆలోపు ఇల్లు ఒక రూపానికి రావాలి. "ఆషాఢంలో మాకు పనులు తక్కువక్కా, మీకోసం రేటు తగ్గిస్తా" అన్నాడు. చదరపు అడుగుకి 28 రూపాయలు, మెటీరియల్, లేబర్ అన్నీ కలిపి. పాత రంగు గీకడం, లప్పం (అదే పుట్టీ) రెండు కోట్లు, ప్రైమర్ ఒక కోటు, పైన లగ్జరీ ఎమల్షన్ (గోడలకి వేసే ఖరీదైన రకం పెయింట్) రెండు కోట్లు. ఆయన మనిషే టేపు పట్టి, పెయింట్ వేయాల్సింది 4,000 చదరపు అడుగులని తేల్చాడు. తర్వాత మా ఆయన కొలిచి చూస్తే వార్డ్‌రోబ్ వెనక దాక్కున్న గోడా, బాల్కనీ స్లైడింగ్ డోర్ అద్దమూ కూడా అందులోనే ఉన్నాయి. అద్దానికి కూడా లప్పం పెడతాడు కాబోలు. మొత్తం 1,12,000. ఇప్పటివరకు నేను ఇచ్చింది 85,000.

రంగుల సంగతి చెప్పాలి, ఎందుకంటే మోసం బయటపడింది అక్కడే.

హాలుకి నేను ఎంచుకున్నది బూడిద కలిసిన లేత ఆకుపచ్చ. షేడ్ కార్డులో బొటనవేలంత ముక్క చూసి గోడ మొత్తానికి రంగు తేల్చుకోవడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. షోరూమ్ లైట్ల కింద ఒకలా, ఫోన్ యాప్‌లో మన హాలు ఫోటో పెట్టి చూస్తే ఇంకోలా. మా హాలు ఉత్తరం వైపు, నేరుగా ఎండ పడదు, పగలు ఆ రంగు బూడిదగా కనిపిస్తుంది. రాత్రి 3000 కెల్విన్ పసుపు లైటు వేస్తే పచ్చదనం బయటికొస్తుంది. అదే 6500 తెల్ల లైటు వేస్తే హాస్పిటల్ వరండా. అందుకే చిన్న శాంపిల్ డబ్బా తెప్పించి, గోడ మీద రెండడుగుల చదరం రెండు కోట్లు వేయించి, పొద్దున ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి చూసుకుని, షేడ్ కోడ్ కాగితం మీద రాసి మరీ ఆయన చేతికిచ్చాను. "అక్కా, ఇంత క్లియర్‌గా చెప్పే కస్టమర్లే ఉండరు" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

పుట్టీ, ప్రైమర్ అయ్యాయి. ఎమరీ పేపర్ కొట్టినప్పుడు లేచిన దుమ్ము వంటింటి డబ్బాల్లోకి కూడా వెళ్ళింది, అది ఏ ఇంట్లో అయినా తప్పదు, దాని గురించి మాట్లాడను. కామన్ బాత్రూమ్ వెనక గోడకి చెమ్మ ఉంది, ముందు దాని సంగతి చూడమంటే "ప్రైమర్ పడితే ఆగిపోతుందక్కా" అని దాని మీదే లప్పం పూసేశాడు. ఇప్పుడు అక్కడ అప్పడంలా పొంగింది. లోపలి నుంచి నీరు వస్తుంటే పైన ఎన్ని పూతలు పూసినా నిలవవు, లీకు ఎక్కడుందో చూసి బాగుచేసి, గోడ ఆరాకే పుట్టీ పెట్టాలి. ఇదీ వదిలేయండి.

హాల్లో రంగు పడింది. బాగుంది. మర్నాడు హాలు నుంచి బెడ్‌రూమ్‌లకి వెళ్ళే ప్యాసేజీ వేశారు. సాయంత్రం ఆఫీసు కాల్ అయిపోయి బయటికొచ్చి చూస్తే, రెండు గోడలు కలిసే మూల దగ్గర గీత గీసినట్టు తేడా. ఇటు నేను ఎంచుకున్న రంగు, అటు కాస్త నాచుపట్టిన రంగు. ఆరలేదేమో అనుకున్నాను. పొద్దున చూసినా అంతే.

టింటింగ్ మెషిన్‌లో కలిపిన రంగు ఇలా కొట్టొచ్చినట్టు మారదు. ఏషియన్, బెర్జర్, నెరోలాక్, డ్యూలక్స్, ఎవరి డీలర్ దగ్గరైనా పద్ధతి ఒకటే. తెల్ల బేస్ డబ్బా మూత తీసి మెషిన్ కింద పెడతారు, కోడ్ కొడితే లెక్క ప్రకారం రంగు చుక్కలు పడతాయి, మూత వేసి షేకర్‌లో తిప్పుతారు, మీద స్టిక్కర్ అంటిస్తారు. ఆ స్టిక్కర్ మీద ఏ ప్రోడక్ట్, ఏ బేస్, ఏ షేడ్ కోడ్, ఏ తేదీ అన్నీ ఉంటాయి. బకెట్లు తెచ్చిన రోజు సీలు లేదేమిటని నేను అడిగాను. "షాపులో టింట్ చేయించాలి కదక్కా, సీలు తీయకుండా రంగు ఎలా కలుపుతారు?" అన్నాడు. నిజమే కదా, నోరు మూసుకున్నాను. అబద్ధం చెప్పేవాడికన్నా, నిజాన్ని అడ్డం పెట్టుకునేవాడు ప్రమాదం.

యుటిలిటీలోకి (బట్టలు ఉతికే చోటు) వెళ్ళి చూశాను. లగ్జరీ ఎమల్షన్ అని రాసి ఉన్న మూత. దాని మీద స్టిక్కర్. షేడ్ కోడ్ మాది కాదు. తేదీ మార్చి నెలది. మేము ఈయనతో మాట్లాడిందే జూన్‌లో. ఆ మూత కింద ఉన్న బకెట్ మీద లేబుల్‌ని సగం గీకేశారు, మిగిలిన సగం చదివితే చాలు, అదే కంపెనీ చవక రకం ఎమల్షన్. దాని ధర లగ్జరీ రకంలో సగం కూడా ఉండదు. వాషింగ్ మెషిన్ వెనక గోనెసంచిలో స్టెయినర్ సీసాలు (పెయింట్‌లో చేత్తో కలిపే చిక్కటి రంగు), ఆకుపచ్చది ఒకటి, నల్లది ఒకటి, మూతల చుట్టూ రంగు కారి ఎండిపోయి. అంటే తెల్ల బకెట్‌లో చేత్తో నాలుగు చుక్కలు వేసి, కర్రతో తిప్పి, నా శాంపిల్ చదరం పక్కన పెట్టి చూసుకుని వేశారన్నమాట. మొదటి బకెట్‌కి కుదిరింది, రెండోదానికి చెయ్యి జారింది.

పని చేస్తున్న కుర్రాడిని అడిగితే తలొంచుకుని హిందీలో ఒకటే మాట చెప్పాడు, ఏ ఇంట్లో అయినా ఇంతే కలుపుతాం, వాళ్ళు ఎలా చెబితే అలా. అతని మీద నాకేమీ కోపం లేదు. రోజు కూలీకి వచ్చినవాడు.

అన్నిటికీ ఫోటోలు తీసి పెట్టి, ఫోన్ చేశాను. సాయంత్రం వచ్చాడు.

ఇక్కడ నెమ్మదిగా చదవండి, ఈ పోస్టు రాస్తున్నది దీనికోసమే.

వచ్చి సోఫాలో కూర్చున్నాడు. అత్తయ్య టీ ఇచ్చారు, తీసుకున్నాడు. నేను మూత తెచ్చి టీపాయ్ మీద పెట్టాను. ఒకసారి చూసి, "ఇది పాత మూతక్కా, మావాళ్ళు కన్‌ఫ్యూజ్ అయ్యుంటారు" అన్నాడు. మరి కొత్త మూత ఏది అన్నాను. చూడాలి అన్నాడు. స్టెయినర్లు ఎందుకున్నాయి అన్నాను. వేరే సైటువి అన్నాడు. సరే, డీలర్ బిల్లు చూపించండి అన్నాను. "బిల్లు కావాలంటే ముందే చెప్పాలి, 18 శాతం జీఎస్టీ అదనం పడుతుంది." నాకు ఇచ్చే బిల్లు కాదండీ, మీరు పెయింట్ కొన్న బిల్లు అన్నాను.

అప్పుడు కప్పు కింద పెట్టి, నా వైపు కాకుండా అత్తయ్య వైపు చూసి, "సార్ ఎప్పుడొస్తారు?" అన్నాడు.

ఎందుకు అని అడిగాను.

"సార్‌తోనే మాట్లాడతా మేడమ్. ఆడవాళ్ళకి ఏ రంగు బాగుంటుందో తెలుస్తుంది గానీ మెటీరియల్ సంగతి ఏం అర్థమవుతుంది? గోడ మీద పడ్డాక ఏ పెయింటో మీరు కంటితో చెప్పగలరా?"

అప్పటిదాకా అక్కని. బిల్లు అడిగేసరికి మేడమ్‌ని అయిపోయాను. ఇంత క్లియర్‌గా చెప్పే కస్టమర్లే ఉండరన్నది ఈ నోరే. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, పదేళ్ళుగా తప్పులు పట్టినందుకే నాకు జీతమిస్తున్నారు. ఆ 85,000 మొత్తం నా ఫోన్ నుంచి, నా ఖాతా నుంచి వెళ్ళింది. క్యూఆర్ కోడ్ చూపించినప్పుడు సార్ గుర్తుకు రాలేదు మరి!

మా ఆయన హైదరాబాద్‌లో ఉన్నారు, అక్కడికక్కడే స్పీకర్‌లో పెట్టి ఫోన్ చేశాను. ఆయన విని "ఆవిడ అడిగినదానికి సమాధానం చెప్పండి" అని ఒక్క ముక్కే అన్నారు. దానికి ఈ పెద్దమనిషి నవ్వి, "సరే సార్, రేపు క్లియర్ చేస్తా" అని లేచాడు. టీ మాత్రం మొత్తం తాగాడు.

రేపు రాలేదు. మనుషులూ రాలేదు. మేము లేని టైము చూసుకుని, మెటీరియల్ మార్చాలని చెప్పి అత్తయ్య చేత తలుపు తీయించి, నిచ్చెనలు, రోలర్లు, మిగిలిన బకెట్లు అన్నీ టెంపోలో ఎక్కించేశారు. ఫోన్ మొదట ఎత్తలేదు, ఇప్పుడు నన్ను బ్లాక్ చేశాడు. ఒక బెడ్‌రూమ్ ప్రైమర్ మీద తెల్లగా మిగిలింది, ప్యాసేజీ నాచు రంగులో ఉంది, షష్టిపూర్తి దగ్గరపడుతోంది.

హాల్లో వేసిన రంగు కూడా ఏమీ నిలిచే రకం కాదు. స్విచ్ బోర్డు పక్కన తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే గుడ్డకి పచ్చ అంటుకుంది. మంచి ఎమల్షన్ అయినా పూర్తిగా గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుందని నాకూ తెలుసు, అందుకే దీన్ని సాక్ష్యంగా చూపడం లేదు. నా సాక్ష్యం మూతే. అది మాత్రం పట్టుకెళ్ళలేదు, బీరువాలో ఉంది.

గ్రూపులో పెడితే నంబర్ ఇచ్చినాయన "మాకైతే బాగానే చేశాడండీ" అన్నారు. మీ బకెట్ల మూతలు చూశారా సార్ అని అడిగాను. ఇంకా టైపింగ్ చేస్తూనే ఉన్నారు.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. యూపీఐ చెల్లింపులు, వాట్సాప్‌లో ఆయన పంపిన కొటేషన్, మూత ఫోటోలు ఉన్నాయి. డబ్బు వస్తుందో లేదో గానీ, వదిలే ఉద్దేశం లేదు.

మీకు చెప్పేదల్లా ఇంతే. మెటీరియల్ మీరే కొనండి, కాంట్రాక్టర్‌కి లేబర్ మాత్రమే ఇవ్వండి. డీలర్ దగ్గర మీ కళ్ళ ముందే టింట్ చేయించి, బిల్లు తీసుకుని, స్టిక్కర్‌కి ఫోటో తీసుకోండి. ఒక గదికి సరిపడా రంగంతా ఒకేసారి కలిపించండి. లీటరుకి రెండు కోట్లకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో డబ్బా మీదే ఉంటుంది, దాన్ని బట్టి లెక్క వేస్తే ఎంత కావాలో మీకే తెలుస్తుంది, వాడు చెప్పే అంకె నమ్మక్కర్లేదు. కిటికీలు, తలుపులు కొలతలోంచి తీసేస్తారా లేదా అన్నది కాగితం మీద రాయించండి. పుట్టీ అయ్యాక రాత్రి లైట్లు ఆర్పి, గోడకి ఆనించి టార్చ్ ఓరగా వేయండి, ఎగుడుదిగుళ్ళన్నీ కనిపిస్తాయి, ఆ తర్వాతే తర్వాతి వాయిదా. చివరి వాయిదా పెద్దదిగా ఉంచుకోండి.

ఇంకో విషయం. మిగిలిన బెడ్‌రూమ్, ప్యాసేజీ పూర్తిచేయడానికి లేబర్ మాత్రమే ఇచ్చే మనుషులు కావాలి, పెయింట్ నేనే కొంటాను. కుందలహళ్ళి గేట్ దగ్గర. మీ ఇంట్లో చేయించుకుని, మీరు దగ్గరుండి చూసిన వాళ్ళ నంబర్లే ఇవ్వండి, ఫ్రెండ్ వాళ్ళ ఫ్రెండ్ చెప్పారు అనేవి వద్దు. సార్‌తోనే మాట్లాడతాం అనేవాళ్ళయితే అసలే వద్దు.