మెట్టు లేని ట్రామ్: ఏళ్ల తరబడి వాడాక

మెట్టెక్కే పని లేకుండా ట్రామ్‌లోకి నడిచి వెళ్లడం నాకు ఇప్పటికీ ముచ్చటే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ వాకర్ పైకెత్తకుండానే లోపలికి వచ్చేస్తుంది. కొత్తలో కనిపించిన వాళ్లందరికీ ఇదే చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెప్తాను, కాకపోతే కాస్త గొంతు తగ్గించి.

దానికి కారణం ఒక సాయంత్రం. ట్రామ్ కిక్కిరిసి ఉంది. ఒక స్టాపులో తలుపులు తెరుచుకున్నాయి, ఇంకొంతమంది ఎక్కారు, ఇక ఒక తలుపు మూసుకోనంది. ముందు బయటికి జరిగి, తర్వాత పక్కకు పోయే రకం తలుపులవి. జనం బరువుకి స్ప్రింగులు అణిగి ఫ్లోర్ దిగిపోయింది, తలుపు అడుగు అంచు ప్లాట్‌ఫామ్ మీద కూర్చుండిపోయింది. తలుపులన్నీ లాక్ అయితే గానీ బండి కదలదు. డ్రైవర్ వచ్చి నెట్టారు, రీసెట్ చేశారు, ఫోన్ చేశారు. చివరికి సగం మందిని దిగమన్నారు. బరువు తగ్గగానే ఫ్లోర్ లేచింది, తలుపు దానంతటదే జారి మూసుకుంది! ఈలోగా వెనక ట్రామ్‌లు బారులు తీరాయి. పట్టాల మీద పక్కనుంచి తప్పించుకుపోవడం ఎలాగూ కుదరదు కదా.

చక్రాల అరుగుదల కూడా తోడైందని డిపోలో పనిచేసే మా పక్కింటాయన అన్నారు. లేత్ మీద చెక్కిన ప్రతిసారీ చక్రం చిన్నదవుతుంది, ఆ మేరకు ప్యాకింగ్ పలకలు వేసి ఎత్తు సరిచేయాలట. ప్లాట్‌ఫామ్‌కీ ఫ్లోర్‌కీ మధ్య తేడా అంత తక్కువ పెట్టుకున్నాక, ఆ పని ఒక్కసారి వాయిదా పడినా చాలు.

ఫ్లోర్ పట్టాలకు 300-350 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉండాలంటే కరెంటు సామాన్లు చాలావరకు కప్పు మీదికి పోవాలి, బోగీలు (అంటే పెట్టెలు కాదు, పెట్టె కింద చక్రాలను మోసే చట్రాలు) మలుపుల్లో తిరగడానికి కింద సాధారణంగా చోటుండదు. అందుకే మా లైన్లో మలుపు రాగానే పెట్టె మొత్తం ఒక్క ఉదుటున పక్కకు లాగుతుంది. నిలబడ్డవాళ్లకు నరకం. ఇది కుదుపుతోనే పోయే విషయం కాదు. ఇలాగే బోగీలు తిరగని, సీమెన్స్ కంపెనీ తయారుచేసిన కాంబినో రకం ట్రామ్‌ల అల్యూమినియం బాడీల్లో పగుళ్లు బయటపడి, 2004లో 1,20,000 కిలోమీటర్లు దాటినవాటిని ఆపేయమన్నారు. బాడీ మీద పడే మెలి ఒత్తిడి డిజైన్‌లో వేసిన లెక్కను మించిపోయింది.

అమ్మతో వెళ్లినంతకాలం నా ఓటు దీనికే. ఒంటరిగా, రోజూ నిలబడే వెళ్లాల్సి వస్తే మాత్రం, రెండు చివర్లా తిరిగే బోగీలుండి లోపల ఒకటి రెండు మెట్లున్న పాత రకమే ఎక్కుతాను.