రెండో తరగతి: ఊరి బడా, టౌన్‌లో ప్రైవేటా?

మా పాపది విజయనగరంలో ప్రైవేటు స్కూలు, మా అన్నయ్య కొడుకుది గజపతినగరం దగ్గర ఊరి బడి, ఇద్దరూ రెండో తరగతే. దసరా సెలవుల్లో ఇద్దరి పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను.

పాపకి పన్నెండో ఎక్కం దాకా గడగడా వచ్చు, కానీ 43లో 4 అంటే నాలుగు పదులని తెలీదు. వాడు చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, 52లోంచి 17 తీసేయడానికి ఒక కట్ట విప్పి మరీ చూపించాడు, నాకు భలే సంతోషమేసింది.

తెలుగులో వాడు ఒత్తులతో సహా పేజీ చదివేస్తాడు, పాప ఇంకా గుణింతాల దగ్గరే. ఇంగ్లీషులో మాత్రం పాపదే పైచేయి, ప్రభుత్వ పుస్తకాల్లో రెండు భాషలూ ఎదురెదురు పేజీల్లో ఉన్నా వాడు తెలుగు పేజీయే చూస్తాడు.

పరిసరాల విజ్ఞానం వాడికి మూడో తరగతిలోనే, పాపకి ఇప్పటికే పుస్తకం ఉంది, అయినా చెరువుగట్టు మీద ఏది ఏ చెట్టో వాడినే అడగాలి. ఈ వయసుకి నాకు ఊరి బడి లెక్కలే నచ్చాయి, రేపట్నుంచి పాపకీ పుల్లల కట్టలే.